అడిగిన మనిషి బయట, తిట్టిన మనిషి లోపల: హైదరాబాద్ అపార్ట్‌మెంట్ సంఘాలకు, గ్రూపు అడ్మిన్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సంక్షేమ సంఘాల అధ్యక్షులకు, కార్యదర్శులకు, వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు,

నమస్కారం. మీరు పైసా జీతం లేకుండా పనిచేస్తున్నారు. రాత్రిపూట లిఫ్టు ఆగితే మెకానిక్‌కి ఫోను చేసేది మీరే. ఎండాకాలంలో ట్యాంకర్ డ్రైవర్‌ని బతిమాలుకునేదీ మీరే. ఆ కష్టం మీద గౌరవం ఉంది కాబట్టే, ప్రశ్న అడిగినవాళ్ళను గ్రూపులోంచి తీసేసి తిట్టినవాళ్ళను వదిలేస్తున్న సంగతి ముందుగా విడిగా చెప్పి చూశాం. మా సంఘం కార్యదర్శి గారికి రాతపూర్వకంగా లేఖ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాం. కమిటీ సమావేశంలో చర్చకు పెట్టమని మళ్ళీ అడిగాం. జవాబు రాలేదు. ఈలోగా కూకట్‌పల్లిలో, మణికొండలో, ఉప్పల్‌లో, అల్వాల్‌లో ఉండే చుట్టాలతో, స్నేహితులతో మాట్లాడితే అక్కడా ఇదే కథ. అందుకే అందరి ముందూ రాయాల్సి వస్తోంది. మా అపార్ట్‌మెంటు పేరు గానీ, ఎవరి పేరు గానీ ఇందులో రాయడం లేదు. ఒక మనిషిని నలుగురిలో నిలబెట్టి పరువు తీయడం తప్పని చెప్పడానికే రాస్తున్న లేఖ ఇది.

జరిగింది చెబుతాను. ఎండాకాలంలో మెయింటెనెన్స్ కాక నీళ్ళ కోసం అదనంగా వసూలు చేశారు. మా బ్లాకులో ఒక పెద్దాయన ఉన్నారు, లెక్కల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన గ్రూపులో పెట్టిన మెసేజ్ ఇది: "కమిటీ సభ్యులకు నమస్కారం. మార్చి, ఏప్రిల్ నెలల్లో వచ్చిన ట్యాంకర్ల సంఖ్య, బిల్లులు వీలు చూసుకొని గ్రూపులో పెట్టగలరు. బోరు మీటరు రీడింగ్ కూడా ఉంటే మంచిది." ఇందులో తప్పు పట్టాల్సిన ముక్క ఏదైనా ఉంటే చెప్పండి.

వచ్చిన మొదటి జవాబు, "అయితే మీరే వచ్చి చేయండి అంకుల్, మేం దిగిపోతాం." రెండోది, "ఇష్టం లేనివాళ్ళు ఫ్లాటు అమ్ముకొని వెళ్ళొచ్చు." మూడోది ఆయన వయసు మీద, ఆరోగ్యం మీద. దాన్ని ఇక్కడ రాయలేను. దాని కింద వరసగా బొటనవేళ్ళు, నవ్వే బొమ్మలు. ఆయన మళ్ళీ ఒకే మాట రాశారు, "బిల్లులు అడిగాను బాబూ, ఎవరినీ ఏమీ అనలేదు" అని. సాయంత్రానికి ఆయన్ని గ్రూపులోంచి తీసేశారు. మర్నాటి నుంచి గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చారు. ఆయన వయసు మీద రాసిన మెసేజ్ అలాగే ఉంది. రాసిన మనిషీ గ్రూపులోనే ఉన్నారు.

నా ఫిర్యాదంతా ఇదే. భిన్నాభిప్రాయాన్ని మీరు క్రమశిక్షణ తప్పడంగా చూస్తున్నారు. నోటిదురుసును మాత్రం మామూలు సంగతిగా వదిలేస్తున్నారు. ఈ రెండూ తారుమారు కావాలి.

ఒకప్పుడు ఇలాంటి ప్రశ్న సెల్లార్‌లో కుర్చీలు వేసుకొని అడిగేవాళ్ళం. ఎదురుగా మనిషి ఉంటాడు, పక్కన ఆయన ఇల్లాలు ఉంటుంది, పిల్లలు అక్కడే సైకిళ్ళు తొక్కుతుంటారు. ఎంత కోపం వచ్చినా ఒక పెద్దాయన ముఖం చూస్తూ "ఫ్లాటు అమ్ముకొని పో" అనడానికి నోరు రాదు. ఇప్పుడు ఆ సమావేశాలు ఏడాదికొకటి జరగడమే గగనమైంది. నీళ్ళ కబురు గ్రూపులో, చందాల లెక్క గ్రూపులో, బోనాల కార్యక్రమం గ్రూపులో, వినాయక మండపం ఎక్కడ పెట్టాలన్న నిర్ణయమూ గ్రూపులోనే. వేరే చోటంటూ లేకుండా చేశాక గ్రూపులోంచి తీసేయడమంటే ఆ మనిషిని ఇంటి వ్యవహారాల్లోంచే తీసేయడం. బయటైతే ఒక సభ్యుడి హక్కు తొలగించాలంటే నోటీసివ్వాలి, సంజాయిషీ అడగాలి, సర్వసభ్య సమావేశంలో పెట్టాలి. ఫోన్లో అయితే భోజనం చేస్తూ ఒక వేలితో చేసేస్తున్నారు.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతోందో చూడండి.

1. అత్యవసరమైన కబురు అందడం లేదు. మన పెద్దాయన్ని తీసేసిన కొన్నాళ్ళకు సంపు కడిగారు. ఒక పూటంతా నీళ్ళు రావని గ్రూపులో పెట్టారు, నోటీసు బోర్డు మీద పెట్టలేదు. అందరూ బకెట్లు, డ్రమ్ములు నింపుకున్నారు. ఆయన ఇంట్లో మంచం పట్టిన భార్య ఉన్నారు. ఆవిడ దుప్పట్లు మార్చాల్సిన వేళకు కుళాయి తిప్పితే గాలి వచ్చింది. పక్కింటి ఆవిడ రెండు బిందెలు ఇచ్చారు కాబట్టి ఆ పూట గడిచింది. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో నగరం మీద విరుచుకుపడిన వాన గుర్తుందా? టోలీచౌకిలో, గగన్‌పహాడ్ వైపు, పాతబస్తీలో కాలనీలు మునిగాయి. సెల్లార్లలో కార్లు తేలాయి. ఆ రాత్రి ఎవరింట్లో కరెంటుంది, ఎవరికి మందులు కావాలి, ఎటు వెళ్తే రోడ్డు తెగలేదు అన్నది చాలామందికి తెలిసింది ఈ గ్రూపుల వల్లే. మళ్ళీ అలాంటి రాత్రి వస్తే, బిల్లులు అడిగినందుకు బయట ఉన్న ఆ ఇంటికి ఎవరు చెబుతారు?

2. అక్కడ లేని మనుషుల మీద తీర్పులు వెలువడుతున్నాయి. నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే, కాబట్టి కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

ఒకరోజు పొద్దున మా గ్రూపులో సీసీ కెమెరా ఫొటో ఒకటి వచ్చింది. మెట్ల దగ్గర వాచ్‌మన్ భార్య, చేతిలో ముడి వేసిన నల్ల కవరు. కింద, "ఈమె ఎవరింట్లోంచి ఏం తీసుకెళ్తోంది? అందరూ తమ వస్తువులు చూసుకోండి" అని. చూస్తుండగానే గ్రూపు నిండిపోయింది. ఒకరికి నిరుడు కనిపించకుండా పోయిన వెండి కుంకుమ భరిణె గుర్తొచ్చింది. అసలు వీళ్ళను పనిలో పెట్టిందెవరని ఇంకొకరు నిలదీశారు. మరొకరు ఆ ఫొటోను పక్క అపార్ట్‌మెంటు గ్రూపుకి కూడా పంపారు, జాగ్రత్త కోసమట. ఆ కవర్లో ఉన్నది మూడో అంతస్తు మామ్మగారు ఇచ్చిన పప్పు గిన్నె, పెళ్ళికి వెళ్ళొచ్చి తెచ్చిన లడ్డూలు. మామ్మగారి దగ్గరున్నది బటన్ల ఫోను. గ్రూపు అనేది ఒకటుందనే ఆవిడకు సరిగా తెలియదు. మర్నాడు సంగతి విని మోకాళ్ళ నొప్పులతోనే కిందికి దిగొచ్చి, "ఇచ్చింది నేనేనయ్యా, నన్నొక మాట అడిగితే పోయేదిగా" అన్నారు. ఆ మాట గ్రూపులో ఎవరూ రాయలేదు. ఫొటో ఎవరూ తొలగించలేదు. "నేనేం జేసిన సారూ, పెద్దమ్మ ఇస్తెనే తీస్కపోయిన" అని ఆమె ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది. పాలమూరు నుంచి బతకొచ్చిన కుటుంబం. కొన్నాళ్ళకు గది ఖాళీ చేసి వెళ్ళిపోయారు. సర్కారు బడిలో చదువుతున్న పిల్లాడికి చదువు మధ్యలో ఆగింది. చుట్టుపక్కల పని అడుగుదామంటే ఫొటో వాళ్ళకంటే ముందే అక్కడికి చేరింది.

ఆ రోజు గ్రూపులో ఒక్కరు, ఒకే ఒక్కరు, "ఆమెను పిలిచి అడిగారా?" అని రాసి ఉంటే సరిపోయేది. అలా రాయాలనుకున్నవాళ్ళు లేరని నేను అనుకోను. కానీ బిల్లులు అడిగిన పెద్దాయనకు ఏమైందో అందరూ అప్పటికే చూసి ఉన్నారు. ప్రశ్నను శిక్షిస్తే నష్టపోయేది ప్రశ్న అడిగినవాడు ఒక్కడే అనుకుంటాం. ఇక్కడ మూల్యం చెల్లించింది గ్రూపులో పేరు కూడా లేని ఒక ఆడమనిషి. ఇళ్ళలో పనిచేసే అక్కలు, డ్రైవర్లు, సామాన్లు తెచ్చే కుర్రాళ్ళు, ఇస్త్రీ అన్న, వీళ్ళందరి గురించీ రోజూ మాట్లాడుకుంటాం. జవాబు చెప్పుకునే చోటు వాళ్ళకు లేదు.

3. అబద్ధానికి అడ్డు చెప్పే గొంతు ఉండటం లేదు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలంగాణ అంతటా వాట్సాప్‌లో వీడియోలు, ఫొటోలు తిరిగాయి. మన నగరంలోనే, చాంద్రాయణగుట్టలో, ఆ పుకారును నమ్మిన గుంపు ట్రాన్స్‌జెండర్ మహిళల మీద పడింది. ఒకరు చనిపోయారు. ఆ ఏడాది దేశమంతటా ఇలాంటి హత్యలు జరిగాకే, జులైలో, ఒక మెసేజ్‌ను ఒకేసారి అయిదు చాట్‌లకు మించి పంపకుండా వాట్సాప్ మన దేశంలో కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్ నుంచి చాలాసార్లు చేతులు మారిన మెసేజ్‌ను ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. అదే 2018లో గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్ళను ఊళ్ళకు పంపారు. డప్పు కొట్టించి, పాటలు కట్టించి, జనం మధ్యనే ఆ పుకార్లను ఖండింపజేశారు. "ఇది అబద్ధం" అని నలుగురిలో చెప్పే మనిషి ఉంటే ప్రాణాలు నిలుస్తాయి. ఫార్వర్డ్ వచ్చినప్పుడు "ఇది ఎక్కడి నుంచి వచ్చింది, నిజమేనా?" అని అడిగేవాళ్ళను మన గ్రూపుల్లో తలనొప్పి మనుషులంటున్నాం. వాళ్ళను కాపాడుకోవాల్సింది పోయి బయటికి పంపుతున్నాం.

4. ఆడవాళ్ళు మాట్లాడటం మానేస్తున్నారు. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబు వీధికుక్కల దాడిలో ప్రాణాలు పోగొట్టుకున్నాక నగరంలో ఏ గ్రూపు తెరిచినా ఇదే తగువు. పిల్లల్ని కిందికి పంపాలంటే తల్లులకున్న భయం నిజమైన భయం. నోరులేని జీవానికి ఇంత అన్నం పెట్టాలనుకునే వాళ్ళ జాలీ నిజమే. ఇద్దరూ చెడ్డవాళ్ళు కాని తగువు ఇది, మర్యాదగా మాట్లాడుకుంటే తెమిలేది. పైగా దారి ఇప్పటికే ఉంది. 2023 మార్చిలో కేంద్రం తెచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల్లో 20వ నిబంధన ప్రకారం, కుక్కలకు తిండి పెట్టే చోటు ఏర్పాటు చేయాల్సిన బాధ్యత నివాసుల సంఘానిది. అది పిల్లలు ఆడుకునే చోటికి, మెట్లకు, రాకపోకల దారులకు దూరంగా ఉండాలి. అభిప్రాయం కుదరకపోతే పశువైద్యాధికారి, పోలీసు ప్రతినిధి, సంఘం ప్రతినిధి, ఫిర్యాదుదారు వంటి వాళ్ళతో ఒక కమిటీ కూర్చొని తేల్చాలి. ఒకరితో ఒకరు విభేదిస్తారని చట్టం ముందే ఊహించి కూర్చునే చోటు చూపించింది. మన గ్రూపులు మాత్రం ఆ సంగతి తలవకుండా తిట్ల దగ్గరే ఆగిపోయాయి.

మా దగ్గర కుక్కలకు అన్నం పెట్టే అమ్మాయి ఒంటరిగా అద్దెకుంటుంది. ఆమె నంబరు గ్రూపులో అందరికీ కనిపిస్తుంది. తన వాదన గ్రూపులో రాసిన రోజు నుంచి రాత్రిళ్ళు ఆమెకు విడిగా మెసేజ్‌లు మొదలయ్యాయి. మొదట కుక్కల గురించి, తర్వాత ఆమె ఎవరితో తిరుగుతుందన్న దాని గురించి. అడ్మిన్‌కి చెబితే, "అది గ్రూపు బయట విషయమమ్మా, మాకు సంబంధం లేదు" అన్నారు. నంబరు దొరికింది గ్రూపులో కదా? వద్దని తేల్చి చెప్పాక కూడా ఒక మహిళ వెంటపడి పదేపదే పలకరించడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. అది ఫోన్లో జరిగినా అంతే. మహిళల్ని వేధించేవాళ్ళ పని పట్టే పోలీసు బృందాలు, షీ టీమ్స్, 2014 నుంచి మన నగరంలో ఉన్నాయి. కానీ ఒకే లిఫ్టులో ఎక్కిదిగే మనిషి మీద పోలీసులకు ఫిర్యాదు చేసే దాకా ఒక అమ్మాయిని ఎందుకు నెట్టాలి? ఆమె ఇప్పుడు గ్రూపులో ఏమీ రాయదు. ఆమెను చూసి మిగతా ఆడవాళ్ళూ రాయడం లేదు.

5. అద్దెకుండేవాళ్ళను అసలు చేర్చుకోవడం లేదు. నెలనెలా మెయింటెనెన్స్ కట్టేది వాళ్ళే. లిఫ్టు ఆగితే మెట్లెక్కేది వాళ్ళే. అమెరికాలో ఉన్న యజమానికి నోటీసు వెళ్తుంది, ఇక్కడ ఉన్నవాళ్ళకు వెళ్ళదు.

6. డబ్బు పోతోంది. నగరపాలక సంస్థ పరిధిలో ఇంటికి నెలకు 20,000 లీటర్ల ఉచిత మంచినీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. అపార్ట్‌మెంట్లకు అది వర్తించాలంటే మీటరు పనిచేయాలి, ఫ్లాటు ఫ్లాటుకీ ఆధార్ అనుసంధానం జరగాలి. ఎవరిది అయింది, ఎవరిది కాలేదు, మీటరు ఎందుకు ఆగింది అని బహిరంగంగా అడిగే వీలుంటే పోయే సమస్య ఇది. అడిగినవాళ్ళను కసురుకునే చోట కట్టనక్కరలేని బిల్లులు కట్టుకుంటూ కూర్చుంటాం.

ఇక మీరు చెప్పే కారణాలు. విన్నాను, వాటిలో రెండింటికి జవాబు చెప్పాలి.

మొదటిది, "ఎవరైనా ఏదైనా రాస్తే కేసు అడ్మిన్ మీద పడుతుంది" అన్న భయం. ఈ భయాన్ని తేలిగ్గా తీసుకోను, పోలీసు స్టేషన్ అంటే ఎవరికైనా గుండె దడే. కానీ సభ్యుడు పెట్టిన మెసేజ్‌కు, ముందే కుమ్మక్కయితే తప్ప, కేవలం అడ్మిన్ అయినందుకు ఆ వ్యక్తి బాధ్యుడు కాడని బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. ఆన్‌లైన్‌లో నొప్పించే మాట రాస్తే నేరంగా చూసే ఐటీ చట్టంలోని 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. ముంబై బంద్ మీద ఫేస్‌బుక్‌లో ఒక మాట రాసిన అమ్మాయిని, ఆ మాటను లైక్ చేసిన ఇంకో అమ్మాయిని 2012లో అరెస్టు చేయడం ఆ కేసు వెనకున్న కథ. చర్చ వేరు, ఒక అభిప్రాయాన్ని గట్టిగా సమర్థించడం వేరు, రెచ్చగొట్టడం వేరని ఆ తీర్పు విడదీసింది. మొదటి రెండూ ఎదుటివాళ్ళకు ఎంత నచ్చకపోయినా రాజ్యాంగం కాపాడుతుందని చెప్పింది. మన సంఘం ప్రభుత్వం కాదనీ, ఆ తీర్పు నేరుగా మీ గ్రూపుకు వర్తించదనీ తెలుసు. అయినా దేశపు అత్యున్నత న్యాయస్థానం అంత స్పష్టంగా గీసిన గీత మన సెల్లార్‌లో మాత్రం ఎందుకు చెరిగిపోవాలి?

రెండోది, "గ్రూపులో గొడవలొద్దు, అందరం కలిసి ఉండాలి" అన్న మాట. కలిసి ఉండాలనే నేనూ కోరుకుంటున్నాను. అయితే ఇప్పుడు మన గ్రూపుల్లో ఉన్నది కలిసి ఉండటం కాదు. పొద్దున్నే దేవుడి బొమ్మలు, పండగ శుభాకాంక్షలు, పుట్టినరోజు కేకులు. అసలు విషయాలన్నీ చిన్న చిన్న గుంపుల్లో, విడి చాట్‌లలో గుసగుసలు. నా మటుకు నాకు, అడిగినదానికి జవాబు చెప్పడమే అన్నిటికంటే పెద్ద మర్యాద. రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి బిల్లు చూపించకపోతే అది మర్యాద కిందకు రాదు.

ఒక మాట పడ్డప్పుడు ఎలా బదులివ్వాలో ఈ నగరానికి తెలుసు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరన్న మాట వచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి గారు అన్నవాళ్ళను తిట్టలేదు. ఊరూరి నుంచి కవుల వివరాలు, పద్యాలు తెప్పించి, 354 మందితో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఆ మాట అన్నది ఎవరన్నది ఇవాళ చాలామందికి గుర్తులేదు. సంచిక మాత్రం ఉంది. ట్యాంకర్ బిల్లులు అడిగినప్పుడు బిల్లులే జవాబుగా రావాలి.

కమిటీలో ఉన్నవాళ్ళకూ అన్యాయం జరుగుతోంది, అదీ చెప్పాలి. ఒక రసీదు ఆలస్యమైతే కోశాధికారిని దొంగ అన్నవాళ్ళు ఉన్నారు. ఆయన పిల్లల బడి ఫీజుల గురించి కూడా రాశారు. ఇది క్షమించదగింది కాదు. పని గురించి ఎంత గట్టిగానైనా అడగండి. మనిషి ఇంటి గురించి, కులం గురించి, వంట గురించి, భాష గురించి, వయసు గురించి ఎత్తితే మాత్రం ఆ మెసేజ్ ఉండకూడదు. ఈ నియమం కమిటీకీ, సభ్యులకూ ఒక్కటే కావాలి.

గ్రూపుల్లో ఉన్న మిగతా అందరికీ కూడా ఒక మాట. గ్రూపులో నోరు మెదపరు, లిఫ్టులో కలిస్తే "బాగా అడిగారండీ" అంటారు. రాత్రికి విడిగా ఒక నమస్కారం బొమ్మ పంపుతారు. ఆ మెచ్చుకోలు వల్ల పెద్దాయనకు ఒరిగిందేమీ లేదు. "వారు అడిగిన వివరాలు నాకూ కావాలి" అని ఆ నలుగురిలోనే ఒక్క వాక్యం రాయండి. అలా పదిమంది రాస్తే ఎవరినీ తీసేయలేరు. ఎదుటి మనిషి మీతో ఏకీభవించకపోయినా సరే, ఆ మనిషిని ఎవరైనా తూలనాడినప్పుడు "ఆ మాట వెనక్కి తీసుకోండి" అనండి. అది చెప్పాల్సింది తూలనాడినవాళ్ళ పక్షంవాళ్ళే. అవతలి పక్షంవాళ్ళు చెబితే ఎక్కదు.

మా డిమాండ్లు ఇవి.

1. నోటీసుల గ్రూపు వేరు, చర్చల గ్రూపు వేరు చేయండి. నోటీసుల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాయనీయండి, మాకు అభ్యంతరం లేదు. అందులో యజమానులతో పాటు అద్దెకుండేవాళ్ళు కూడా ఉండాలి. ఏ కారణంతోనూ, ఎంతటి గొడవ జరిగినా, అందులోంచి ఎవరినీ తీసేయకూడదు. స్మార్ట్‌ఫోన్ లేనివాళ్ళ కోసం ప్రతి నోటీసూ లిఫ్టు పక్కన బోర్డు మీద తెలుగులో అంటించాలి.

2. చర్చల గ్రూపుకు రాతలో నియమాలు పెట్టండి. అరపేజీ చాలు. సర్వసభ్య సమావేశంలో ఆమోదించండి. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి మెసేజ్ తొలగింపు, మూడోసారి కొన్ని రోజుల పాటు చర్చకు దూరం. తీసేసిన ప్రతిసారీ కారణం గ్రూపులో చెప్పాలి. ఒక్క అడ్మిన్ నిర్ణయం చెల్లకూడదు, కనీసం ముగ్గురు ఒప్పుకోవాలి. ఆ ముగ్గురిలో ఒక మహిళ, కమిటీలో లేని ఒకరు ఉండాలి.

3. ప్రతి నెలా పదో తేదీలోగా లెక్కలు పెట్టండి: వసూలైంది ఎంత, ట్యాంకర్లు ఎన్ని, జీతాలు ఎంత, కార్పస్ ఫండ్‌లో మిగిలింది ఎంత. సభ్యులు అడిగిన ప్రశ్నకు వారంలోగా జవాబివ్వండి. "ఇంకా తెలియదు, కనుక్కుంటున్నాం" అన్నదీ జవాబే, మేం ఒప్పుకుంటాం.

4. పనివాళ్ళ ఫొటోలు, సీసీ కెమెరా దృశ్యాలు గ్రూపులో పెట్టడం పూర్తిగా ఆపండి. అనుమానం ఉంటే ఆ మనిషిని పిలిచి, ఆమె తరఫున ఒకరిని కూర్చోబెట్టి అడగండి. వస్తువు పోయి ఉంటే పోలీసులకు చెప్పండి. తప్పుడు ఆరోపణ అని తేలితే, ఆరోపణ పెట్టిన చోటే, పెట్టిన మనిషే, అంతే పెద్ద అక్షరాల్లో దిద్దుబాటు రాయాలి. పక్క గ్రూపులకు పంపి ఉంటే అక్కడా రాయాలి.

5. గ్రూపు ద్వారా దొరికిన నంబరుతో ఎవరినైనా వేధిస్తే అది గ్రూపు విషయమే. ఆ ఫిర్యాదును మహిళా సభ్యులు వినాలి, ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు బయటపెట్టకూడదు.

6. మా అపార్ట్‌మెంటులో ఆ పెద్దాయన్ని తిరిగి చేర్చుకోండి. ఆయన అడిగిన రెండు నెలల బిల్లులు పెట్టండి. ఆయన వయసు మీద రాసిన మెసేజ్ తొలగించండి, రాసినవారు క్షమాపణ చెప్పాలి. వాచ్‌మన్ కుటుంబం ఎక్కడుందో కనుక్కోండి. వాచ్‌మన్ భార్య తప్పు చేయలేదని సంఘం లెటర్‌హెడ్ మీద రాసివ్వండి, మరో చోట పని అడగడానికైనా పనికొస్తుంది.

మన సంఘాలు చాలావరకు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందో, 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కిందో నమోదైనవి. 2001 చట్టం 23వ సెక్షన్ ప్రకారం సంఘం వ్యవహారాల్లో వివాదం వస్తే ఏ సభ్యుడైనా మధ్యవర్తిత్వానికి గానీ జిల్లా కోర్టుకు గానీ వెళ్ళొచ్చు. ఇరుగుపొరుగు మీద కోర్టుకెక్కాలని మాకు లేదు. మాట్లాడే చోటు మూసేస్తే మిగిలేది ఆ దారే అవుతుంది.

వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో ఈ ఆరు అంశాలనూ చేర్చమని కోరుతున్నాను. తేదీ ముందుగా ప్రకటించండి, అందరూ ఊళ్ళో ఉండే ఆదివారం అయితే మంచిది. ఈ లేఖ ప్రతిని నోటీసు బోర్డు మీద పెట్టండి. ఇందులో ఏ వాక్యం తప్పనిపించినా ఆ వాక్యం పేర్కొని, ఎందుకు తప్పో రాయండి. జవాబు నాకు విడిగా పంపొద్దు, గ్రూపులోనే పెట్టండి. దానికి ముందు గ్రూపు తెరవండి.

ఇట్లు,
ఒక ఫ్లాటు యజమాని, సంఘ సభ్యురాలు
హైదరాబాద్